తక్కెడ ఎక్కని బరువులు

జూన్ 2

ఇవాళ్టి నుంచి సెలవు. మెట్లు ఎక్కొద్దు, నిలబడి పాఠాలు చెప్పొద్దు, ఎడమవైపు తిరిగి పడుకో, బిడ్డ కదలికలు గమనించుకో. ఇవీ డాక్టరమ్మ ఆజ్ఞలు. మేముండేది నాలుగో అంతస్తు. లిఫ్టు పాడై చాలా కాలమైంది. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతి చలవతోనే ఎక్కి దిగుతున్నాయి, మా బిల్డింగుది తప్ప. దీపం కింద చీకటి అని అత్తయ్య రోజుకోసారి అంటారు, కొడుక్కి వినబడేట్టు. పైనున్న మోటారుకి ఏదో భాగం రావాలట. అది వస్తోందట. వస్తూనే ఉంది.

కాబట్టి ఇక నా ప్రపంచం అంటే మంచం, కిటికీ, టేబుల్ ఫ్యాను, అత్తయ్య.

ఇంట్లో వాళ్లకి చెప్పింది ఇదీ: అంతా బాగానే ఉంది, కాస్త విశ్రాంతి తీసుకోమన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. విశ్రాంతి తీసుకోమనే అన్నారు.

మిగతాది ఇక్కడ రాసుకుంటాను. స్కాన్‌లో బిడ్డ బరువు పద్దెనిమిది వందల గ్రాములని వచ్చింది. ఈ నెలకి ఉండాల్సినదానికంటే తక్కువట. పద్దెనిమిదో తారీఖున మళ్లీ రమ్మన్నారు. బిడ్డకి రక్తం సరిగ్గా అందుతోందో లేదో చూసే స్కాన్ ఇంకొకటి ఉందట. పెరుగుదల ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేరాలి, అవసరమైతే నెలలు నిండకముందే బిడ్డని బయటికి తీయాలి. ఇదంతా డాక్టరమ్మ చాలా మామూలు గొంతుతో చెప్పింది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

అసలు కడుపులో బిడ్డని తక్కెడలో పెట్టి తూచింది ఎవరు? తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడవు తీసుకుని ఒక సూత్రంలో వేస్తే బరువు బయటికొస్తుంది. పదిహేను శాతం అటూ ఇటూ ఉండొచ్చని ఆవిడే చెప్పింది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా పిల్లలు పదిహేను శాతం తప్పుతో వస్తే రికార్డు మీద సంతకం పెట్టను.

జూన్ 4

అత్తయ్య పెన్షన్ పని మీద బయటికి వెళ్లారు. చిన్న పనొకటి చూసుకుని వచ్చాను.

మార్కెట్ పక్కన కొత్త స్కాన్ సెంటర్ తెరిచారు. మెట్ల రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా దిగాను, ఆటోలో వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి వివరాలడిగింది, చెప్పాను. పెద్ద తెర, కొత్త యంత్రం. స్కాన్ చేసినాయన ఏదో పాట కూనిరాగం తీస్తూ చకచకా కొలతలు తీసేశాడు. చేయి తిరిగినవాడిలా ఉన్నాడు.

ఇరవై ఒక్క వందల గ్రాములు.

రెండు యంత్రాలు రెండు మాటలు చెబితే కొత్తదాన్ని నమ్మడం శాస్త్రీయం. ఆస్పత్రిలోది ఎప్పటిదో ఏమో, మీట నొక్కితే మూలిగేది.

తిరిగి వచ్చేటప్పుడు మూడో అంతస్తు దగ్గర మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఆయాసం కాదు. అక్కడ గాలి బాగా వస్తోంది.

జూన్ 5

ఇరవై ఒక్క వందలు.

జూన్ 6

మధ్యాహ్నం ఎక్స్‌ప్రెస్ ఫోన్ చేశాడు. నా క్లాసులు ఆయనకి ఇచ్చారు. పాఠం మొదలుపెడితే ఏ స్టేషన్లోనూ ఆగడని పిల్లలు పెట్టిన పేరు. ఆయనకీ తెలుసు, లోపల కొంచెం గర్వం కూడా.

"మేడమ్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి రేపు ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది. విలువ బోర్డు మీద రాసి చుట్టూ డబ్బా గీసేస్తా. పరీక్షకి కావాల్సింది అదేగా."

"అంత చిన్నదాన్ని ఎవరు తూచారు, ఎలా తూచారని పిల్లలు అడిగితే?"

"అడగరు మేడమ్. మంచి పిల్లలు."

మంచి పిల్లలని ఇలా తయారుచేసింది మనమే అని చెప్పి, పాఠం నేను ఫోన్లో చెబుతాను, మీరు ఆగి ఆగి చెప్పండి, చివర్లో ప్రయోగం కూడా చేయించండి అని ఒప్పించాను. ఒప్పుకున్నాడు. తయారుచేసుకునే శ్రమ తప్పింది కదా. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో ఖాళీగా ఉంటే బుర్ర ఊరికే పద్దెనిమిదో తారీఖు చుట్టూ తిరుగుతోంది.

ఈ సంభాషణంతా అత్తయ్య తలుపు దగ్గర నిలబడి విన్నారు. ఆవిడ పోస్టాఫీసు పార్సిల్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఏ వస్తువు దొరికినా అరచేతిలో ఆడించి బరువు చెప్పేస్తారు. చెప్పింది ఎప్పుడూ తప్పే. వంటింటి తక్కెడ మీద పెట్టి చూపిస్తే, తక్కెడ పాడైందంటారు. మనిషి తనకి నచ్చిన అంకెని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూస్తే నాకు నవ్వొస్తుంది.

"తక్కెడ లేకుండా తూకమేంటి అమ్మాయ్? వాళ్లు చెప్పారు, నువ్వు నమ్మేశావా?" అన్నారు.

రేపు చూపిస్తానన్నాను.

జూన్ 7

టేబుల్ ఫ్యాను ముందు ఒక చేత్తో దూది పింజ, ఇంకో చేత్తో చొక్కా బొత్తాం పట్టుకుని ఒకేసారి వదిలాను. దూది వెళ్లి కర్టెన్‌కి అతుక్కుంది. బొత్తాం ఉన్నచోటే పడింది.

"ఏది తేలిక?"

"దూది. దీనికి ఇంత చదువెందుకు?"

"గాలి బదులు వాళ్లు అయస్కాంతం వాడారు అత్తయ్యా. గాజు గొట్టంలో గాలంతా తోడేసి కరెంటు పెడితే ఒక చివర నుంచి సన్నటి కిరణం బయల్దేరుతుంది. అయస్కాంతం దగ్గర పెడితే అది పక్కకి వంగుతుంది. ఎంత వంగిందో కొలిచారు. అన్నిటికంటే తేలికని పేరున్న హైడ్రోజన్ పరమాణువు కూడా దాని ముందు దిగదుడుపే. ఇది వెయ్యి రెట్లకి పైగా సులువుగా వంగిపోయింది."

"అంటే వెయ్యో వంతు బరువన్నమాట."

"చాలామందికి అలాగే అనిపించింది."

అత్తయ్య వెళ్లి కర్టెన్ మీది దూదిని తీశారు. వేళ్ల మధ్య నలిపి గట్టిగా ఉండ చుట్టారు. మళ్లీ ఫ్యాను ముందు వదిలారు. ఈసారి అది మంచం దాకా కూడా రాలేదు.

"చూడు. బరువు అదే. విచ్చుకుని ఉన్నప్పుడు గాలి ఎక్కువ పట్టింది, ఉండ చుట్టాక పట్టలేదు. మరి మీ కిరణం తేలికై వంగిందా, లేక అయస్కాంతం దాన్ని గట్టిగా పట్టుకుని లాగిందా? ఎట్లా తెలుస్తుంది?"

నేను లేచి కూర్చున్నాను. ప్రపంచం పదేళ్లకి పైగా తల బద్దలు కొట్టుకున్న ప్రశ్న అదే. వంపు చెప్పేది విద్యుత్తుకీ బరువుకీ ఉన్న నిష్పత్తి ఒక్కటే. దాని మీద విద్యుత్తు ఎక్కువ ఉన్నా వంగుతుంది, బరువు తక్కువైనా వంగుతుంది. ఏది నిజమో వంపుని ఎంత చూసినా తెలియదు.

ఆ మాటే చెప్పి ఆవిడ చేతులు పట్టుకున్నాను. "ముందు పడుకో. ఎడమవైపు" అన్నారు. బొత్తాం అరచేతిలో ఆడించి పది గ్రాములుంటుందని కూడా అన్నారు. నేను తక్కెడ తీయలేదు.

జూన్ 9

రెండో భాగం, నూనె చుక్కలు. ఎక్స్‌ప్రెస్‌కి ఫోన్లో చెబుతుంటే అత్తయ్య చీరలు మడతపెడుతూ పక్కనే కూర్చున్నారు. ఆవిడ కోసం ఫోన్ స్పీకర్లో పెట్టాను.

రెండు లోహపు పలకలు, వాటి మధ్య నూనె తుంపర. చిన్న గొట్టంలోంచి ఒక్కో చుక్కని కన్నార్పకుండా చూడాలి. చుక్క పడుతూ ఉంటుంది. పడే వేగాన్ని బట్టి దాని బరువు తెలుస్తుంది. పలకలకి కరెంటు ఇస్తే అదే చుక్క పైకి లేస్తుంది. లేచే వేగాన్ని బట్టి దాని మీద ఎంత విద్యుత్తు ఉందో తెలుస్తుంది. అలా ఒక చుక్క తర్వాత ఇంకో చుక్క, ఏళ్ల తరబడి.

"కళ్లు పోవూ" అన్నారు అత్తయ్య.

తేలిందేమిటంటే, చుక్క మీద ఎంత పడితే అంత విద్యుత్తు ఉండదు. ఒక చిన్న మొత్తం ఉంది. ఉంటే అంత, లేదా దానికి రెండింతలు, మూడింతలు, ఏడింతలు. మధ్యలో ముక్కలుండవు. ఇది పిల్లలకి ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే అత్తయ్య మడత ఆపారు.

"స్టాంపుల్లాగా. కౌంటర్లో అన్నిటికంటే చిన్న స్టాంపు ఒకటే ఉందనుకో. ఏ కవరు మీద ఎన్ని అంటించినా మొత్తం దానికి ఇన్ని రెట్లే అవుతుంది. కాసిని కవర్లు చూస్తే చాలు, ఆ ఒక్క స్టాంపు విలువెంతో చెప్పేయొచ్చు, స్టాంపుని చూడకపోయినా."

ఫోన్లో ఎక్స్‌ప్రెస్ అందుకున్నాడు: "మేడమ్, ఇది నేను రేపు క్లాసులో నా ఉదాహరణగా చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో నాయనా. అద్దె అడగనులే" అన్నారు అత్తయ్య.

ఇక మిగిలింది భాగాహారం. వంపు నిష్పత్తి ఇచ్చింది, చుక్కలు విద్యుత్తు ఎంతో చెప్పాయి. విద్యుత్తుని నిష్పత్తితో భాగిస్తే బరువు వచ్చి ఒళ్లో పడుతుంది. తక్కెడ ముట్టినవాడు లేడు.

"రెండిట్లో ఏది తప్పినా బరువు తప్పుతుంది కదా?" అన్నారు అత్తయ్య.

అవునన్నాను. చీరలు లోపల పెట్టడానికి ఆవిడ వెళ్లిపోయారు.

జూన్ 10

ఆయన సాయంత్రం పని నుంచి రాగానే టీ తాగి డాబా మీదికి వెళ్తున్నారు, నాలుగు రోజులుగా. అడిగితే గాలి కోసమంటారు. ఇంట్లో ఫ్యాను ఉంది. అత్తయ్యకి అనుమానం, మానేసిన సిగరెట్లు మళ్లీ మొదలుపెట్టాడని. చొక్కా వాసన చూశారు. గ్రీజు వాసన తప్ప ఏమీ లేదట. "గ్రీజుతో కప్పిపుచ్చుతున్నాడు" అని తేల్చేశారు.

మనిషి ఏదో దాస్తున్నాడు. భార్యాభర్తల మధ్య దాపరికం నాకు అస్సలు నచ్చదు.

జూన్ 12

బిడ్డ ఇవాళ కాస్త నెమ్మదిగా ఉంది. ఎండలు అలా ఉన్నాయి మరి.

సాయంత్రం చల్లటి నీళ్లు తాగి పడుకుంటే వరసగా తన్నింది. అనవసరంగా కంగారుపడ్డాను. కంగారుపడలేదు, ఊరికే గమనించాను.

జూన్ 13

బాగా ఆలోచించాను. పద్దెనిమిదిన వెళ్లక్కర్లేదు. ఆస్పత్రి యంత్రం తక్కువ చూపిస్తుందని తేలిపోయింది కదా, మళ్లీ అక్కడే చూపిస్తే మళ్లీ తక్కువే చూపిస్తుంది. దాన్ని చూసి చేర్చుకుంటారు, దాన్ని చూసి ముందే తీసేస్తారు. ఒక పాత యంత్రం మాట పట్టుకుని పసిగుడ్డుని తొందరపెట్టడం దేనికి? తర్వాతి వారం వెళ్తే సరిపోతుంది. లేదా ఆ పై వారం.

మనసు చాలా తేలిగ్గా ఉంది.

జూన్ 15

ఇవాళ మాత్రం ఎక్స్‌ప్రెస్‌ని చెడామడా దులిపేశాను. మనసుకి హాయిగా ఉంది.

గంతులేస్తూ ఫోన్ చేశాడు. "మేడమ్, ప్రయోగం అదిరిపోయింది. కిరణం వంపు కొలిచాం. ప్రతి బ్యాచ్‌కీ పుస్తకంలో విలువే వచ్చింది."

ఆ ప్రయోగం నేను ఎన్నేళ్లుగానో చేయిస్తున్నాను. అంత ముద్దుగా ఎప్పుడూ రాలేదు. పైగా ఈ ఏడు ల్యాబ్‌లోకి కొత్త బల్లలు వచ్చాయి.

"ఏ బల్ల మీద పెట్టారు?"

"కొత్త ఇనుప బల్ల మీదే మేడమ్. అద్దంలా మెరుస్తోంది."

తీగచుట్టలతో అయస్కాంత శక్తి పుట్టించి కిరణాన్ని వంచే ప్రయోగం అది. దాని కిందికి ఇనుము తెచ్చి పెడితే శక్తి ఉన్నచోట ఉంటుందా? రీడింగులు తప్పు రావాలి. కచ్చితంగా తప్పు రావాలి.

"తీసిన రీడింగులన్నీ పుస్తకంలో విలువకే వచ్చాయా?"

"అన్నీ అంటే... దగ్గరగా వచ్చినవి ఉంచాం మేడమ్. దూరంగా వచ్చినవి మళ్లీ తీయించాను. ఓపిగ్గా తీస్తూ పోతే ఏదో ఒకటి దగ్గరికి వస్తుంది కదా."

"దూరంగా వచ్చినప్పుడు ఎక్కడ తప్పు జరిగిందని వెతికారు. దగ్గరగా వచ్చినప్పుడు వెతికారా?"

"అవి సరిగ్గానే వచ్చాయి కదా మేడమ్."

"సరిగ్గా వచ్చాయని ఎవరు చెప్పారు మీకు? మీకు నచ్చాయి, అంతే."

ఇక ఆగలేదు నేను. నూనె చుక్కల కథలో మిగిలిన ముక్క కూడా చెప్పాను. చుక్క పడే వేగం నుంచి బరువు లెక్కకట్టాలంటే గాలి దాన్ని ఎంత అడ్డుకుంటుందో తెలియాలి. ఆ గాలి అంకె కొంచెం తప్పు. దాంతో మొదట తేలిన విద్యుత్తు విలువ కొంచెం తక్కువైంది. అది పెద్ద తప్పు కాదు, ఎవరికైనా జరుగుతుంది. తర్వాత జరిగినదే అసలు కథ. ఆ తర్వాత కొలిచినవాళ్లకి విలువ పాతదానికి దూరంగా వస్తే, ఏదో పొరపాటు చేశామని వెతికి వెతికి సరిచేసుకునేవారట. దగ్గరగా వస్తే వెతికేవారు కాదట. అలా అసలు విలువ దగ్గరికి అడుగులో అడుగు వేసుకుంటూ చేరడానికి ఏళ్లు పట్టిందని చెబుతారు.

"వాళ్లు అబద్ధాలాడలేదు. తెలివితక్కువ వాళ్లు అసలే కాదు. నచ్చిన అంకెని ప్రశ్నలడగలేదు, అంతే" అన్నాను.

"ఇప్పుడేం చేయమంటారు మేడమ్?" గొంతు చిన్నబోయింది.

"చెక్క బల్ల మీదికి మార్చండి. తీసినవన్నీ రాయించండి. నచ్చనిదాన్ని ముందు రాయించండి."

సరేనన్నాడు. ఎక్స్‌ప్రెస్ మొదటిసారి ఒక స్టేషన్లో ఆగాడు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి అంతా విని, "బాగా గడ్డిపెట్టావు" అన్నారు.

బాగా చెప్పాను.

జూన్ 16

పద్దెనిమిది వందలు.

అది కూడా రీడింగే. అది ముందు వచ్చింది. అది నాకు నచ్చలేదు కాబట్టి దానికి వంకలు వెతికాను. యంత్రం పాతదన్నాను, మూలుగుతుందన్నాను. పదిహేను శాతం అటూ ఇటూ అని డాక్టరమ్మ చెబితే నేను అటు మాత్రమే విన్నాను. కూనిరాగాలు తీస్తూ కొలిచినవాణ్ణి చేయి తిరిగినవాడన్నాను. అతను ఒక్కో కొలత ఒక్కసారే తీశాడు, తీస్తుండగానే నాకు తెలుసు. ఆస్పత్రిలో స్కాన్ చేసిన అమ్మాయి ఒక్కోటి మూడుసార్లు తీసింది.

నాకు భయంగా ఉంది. రెండో తారీఖు నుంచీ భయంగానే ఉంది.

పొద్దున్న టిఫిన్ దగ్గర ఇద్దరికీ చెప్పేశాను. ఆస్పత్రి అంకె, స్కాన్ సెంటర్ అంకె, పద్దెనిమిదో తారీఖు, వెళ్లకూడదని నేను తీసుకున్న గొప్ప నిర్ణయం, అన్నీ.

అత్తయ్య ప్లేటు పక్కకి జరిపారు. "పగిలే వస్తువు, జాగ్రత్త అని పైన అంత పెద్దగా రాసిన పార్సిల్ చేతిలో పెడితే, ఆ అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నావా? నాలుగు అంతస్తులు దిగావా? ఎక్కావా?" తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుని నా ప్లేట్లో ఇంకొంచెం వడ్డించారు.

ఆయన మాత్రం నీళ్లు తాగి, "నాకు తెలుసు" అన్నారు.

స్కాన్ సెంటర్లో కౌంటర్ అమ్మాయి భర్త ఫోన్ నంబరు అడిగితే అలవాటుగా చెప్పేశాను. ఆ సెంటర్ లిఫ్టు చూసేది ఈయనే. లిఫ్టులో ఆగిపోతే ఫోన్ చేయండి అని లోపల అతికించి ఉన్నది కూడా ఈ నంబరే. ఆ అమ్మాయి రోజూ చూసే నంబరు. మర్నాడు తలుపు సరిచేయడానికి వెళ్తే, "నిన్న మేడమ్ వచ్చారు, పాపం బాగా అలసిపోయారు" అందట.

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే శాతాలు చెప్పేదానివి. నువ్వే చెబుతావేమోనని చూశాను. డాక్టరమ్మకి మాత్రం ఆ రోజే ఫోన్ చేశా. పద్దెనిమిదిన తప్పకుండా తీసుకురమ్మంది, కదలికలు తగ్గితే ఆ క్షణమే రమ్మంది. పన్నెండో తారీఖున నువ్వు పొట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంటే నేను గుమ్మంలో చెప్పులేసుకునే ఉన్నాను."

"నేను రానంటే?"

"ఎత్తుకుపోయేవాణ్ణి. కానీ నాలుగు అంతస్తుల మెట్లు నిన్ను ఎత్తుకుని దిగడం నా వల్ల కాదు. అందుకే పైన మోటారు విప్పాను. పని మానేసిన పాత లిఫ్టొకటుంటే, వాళ్లనడిగి భాగం తెచ్చుకున్నా."

"డాబా మీద అదా నువ్వు చేస్తున్నది?" అన్నారు అత్తయ్య. "నేను సిగరెట్లనుకున్నాను కదరా."

"నాకు భయంగా ఉంది" అన్నాను ఆయనతో.

"నాకూ" అన్నారు. ఎప్పుడూ అనని మాట అది. అన్నాక ఇద్దరం కాస్త కుదుటపడ్డాం, ఎందుకో మరి.

జూన్ 18

లిఫ్టు దిగింది. మధ్యలో ఒకసారి మూలిగింది. నేనేమీ అనలేదు. మూలిగే యంత్రాల గురించి ఇక నోరెత్తను.

బిడ్డ పెరగలేదని కాదు, చాలినంత పెరగలేదు. రక్తం అందడం కూడా కొంచెం తగ్గింది. చేర్చుకున్నారు. సరైన రోజుకి వచ్చావంది డాక్టరమ్మ. ఇంకో వారం ఆలస్యమైతే ఏమయ్యేదని అడగబోయాను. ఆయన నా చెయ్యి నొక్కారు. అడగలేదు.

జూన్ 20

రేపు ఆపరేషన్ చేసి తీస్తారు. డాక్టరమ్మ అదే మామూలు గొంతుతో చెప్పింది. ఈసారి ఆ గొంతు ఎంత ధైర్యంగా అనిపించిందో.

జూన్ 22

అమ్మాయి.

గది కప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. అంత చిన్న మనిషికి అంత గొంతు ఎక్కడిదో. నర్సు తీసుకెళ్లి తక్కెడలో పెట్టింది. ఇన్నాళ్లూ నీడలు కొలిచి, ఎముకలు కొలిచి, సూత్రాల్లో వేసి వేసి చూసిన మనిషి చివరికి ఒక తక్కెడ ఎక్కింది. నేను బల్ల మీద పడుకునే మెడ తిప్పి చూస్తున్నాను.

"పందొమ్మిది వందల నలభై" అంది నర్సు.

"మళ్లీ ఒకసారి పెట్టండి" అన్నాను.

పెట్టింది. అదే.

"ఇంకొక్కసారి. మూడు తీస్తే సగటు..."

"బియ్యం బస్తా కాదమ్మా, పాప" అంది నర్సు. కానీ పెట్టింది. మూడోసారి పాప తక్కెడలోనే కాళ్లు ఝాడించి అంకెలన్నీ గంతులు వేయించింది. నేను నవ్వితే కుట్లు వేస్తున్న డాక్టరమ్మ కదలొద్దని కసిరింది.

కొన్నాళ్లు వెచ్చగా ఉంచే గదిలో పెడతారట. ఊపిరి బాగానే తీసుకుంటోంది. అద్దంలోంచి చూసి అత్తయ్య రెండున్నర కిలోలైనా ఉంటుందన్నారు. తక్కెడ పాడైందట.

జూన్ 25

పద్దెనిమిది వందల అరవై. ఎనభై గ్రాములు తగ్గింది. పుట్టిన పిల్లలందరూ మొదట్లో కొంచెం తగ్గుతారని డాక్టరమ్మ చెప్పింది. అయినా నర్సు అంకె చెప్పగానే చాలా భయమేసింది.

ఆయన పనిలో ఉన్నారు. ఫోన్ చేసి ముందు అంకె చెప్పాను, తర్వాత భయమేస్తోందని చెప్పాను. అవతల ఏదో లిఫ్టు తలుపు కొట్టుకుంటున్న చప్పుడు. "వస్తున్నా" అన్నారు. వచ్చారు, చేతులకి గ్రీజుతోనే. నర్సు లోపలికి రానివ్వలేదు. అద్దం దగ్గర నిలబడి పాపకి గ్రీజు చెయ్యి ఊపారు.

జూన్ 28

పెరుగుతోంది. పాలు తాగేటప్పుడు మధ్యలో నిద్రపోతుంది, అరికాలు గిల్లితే లేచి మళ్లీ తాగుతుంది. బ్యాక్ బెంచి లక్షణాలు.

ఎక్స్‌ప్రెస్ ఫోన్ చేశాడు. చెక్క బల్ల మీద పెట్టి, తీసినవన్నీ రాయించాడట. ఒక్కటీ పుస్తకంలో విలువకి అచ్చంగా రాలేదు, కానీ అన్నీ దాని చుట్టుపక్కలే వచ్చాయి. వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి, "సార్, పుస్తకంలో విలువని ఎవరు కొలిచారు, వాళ్ల బల్ల దేనిది" అని అడిగిందట. రెండు పీరియడ్లు పోయాయని బాధపడుతున్నాడు. బాధపడుతున్నట్టు నటిస్తున్నాడు.

జూలై 4

ఇంటికొచ్చేశాం.

పొద్దున ఆస్పత్రి తక్కెడలో చివరి తూకం రెండు కిలోల ఎనభై గ్రాములు. డాక్టరమ్మకి సంతోషమే, నాకూ సంతోషమే. మార్కెట్ పక్కన సెంటర్ వాళ్లు నెల కిందట చెప్పిన ఇరవై ఒక్క వందలకి మాత్రం ఇంకా చేరలేదు మా అమ్మాయి.

కింద లిఫ్టు దగ్గర నలుగురం. అత్తయ్య సంచులు పట్టుకున్నారు. పాప నా చేతుల్లో. ఆయన పెళ్లివారిని ఎదుర్కొన్నంత మర్యాదగా తలుపు తీసి పట్టుకున్నారు, ఆరుగురు మించరాదు అని లోపల రాసి ఉన్నది చదివి, "మనం మూడున్నర" అన్నారు. తలుపు మూసి నాలుగు నొక్కారు.

లిఫ్టు పైకి కదిలే ఆ మొదటి క్షణంలో లోపలున్న ప్రతిదీ ఉన్నదానికంటే కాస్త బరువెక్కుతుంది. ప్రతి ఏడూ పిల్లలకి చెప్పే పాఠమే. కదిలింది. పాప నా చేతుల్లో బరువెక్కింది. ఎంత సేపు, రెప్పపాటు. అంతలోనే మామూలైపోయింది. కానీ ఎక్కింది, నా మోచేతులకి తెలిసింది. ఇరవై ఒక్క వందలు దాటే ఉంటుంది.

ఆ రీడింగు చెల్లదని నాకు తెలుసు. నచ్చింది కాబట్టి రాసుకుంటున్నాను.